కలిపాక వినకూడదండి

ఆవిడ పోయారన్న కబురు మాకు ఫోన్లోనే వచ్చింది. ఆవిడ బాగుచేసిన ఫోన్లోనే అని రాయబోయి ఆగాను. ఆ మాట అంటే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. "నేనేం చేశానండి, చేసింది మీరేగా" అనేవారు. నిజమే. మా ఇంట్లో ఆ ఫోను మీద గానీ, దాని పక్కనున్న డబ్బాల మీద గానీ ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు.

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. మావయ్యగారు ఎత్తి, అవతలి మాట కాస్త వినగానే గొంతు తగ్గించారు. చావు కబురని నాకు అర్థమైంది. అలాంటి ఫోన్లు ఆయనకు కొత్త కాదు. "ఎన్నింటికమ్మా? సూర్యోదయానికి ముందా, తరవాతా?" అని అడిగారు. ఆ తర్వాత "ఎవరమ్మా మీరు, ఏ ఊరు?" అన్నారు. జవాబు విని రిసీవరు రెండు చేతులా పట్టుకున్నారు. చివరికి "నేను లైన్లోనే ఉన్నానమ్మా" అన్నారు. ఆ మాట ఆయనది కాదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నది.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఆవిడకు నచ్చదు. తన గురించి ఎవరైనా నలుగురిలో చెప్పబోతే, పొరపాటున వేరేవాళ్ల లైను కలిసినట్టు ముఖం పెట్టేవారు.

ముందు మా మావయ్యగారి సంగతి చెప్పాలి. ఆయన పురోహితులు. మేముండేది ఏలూరులోనే అయినా ఆయన తిరిగిందంతా కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లు, ముదినేపల్లి దాకా. ఆయన చేతిమీదుగా పెళ్లయినవాళ్లు ఇప్పుడు తమ పిల్లలకు పెళ్లిళ్లు చేస్తున్నారు. నీటికాసుల జబ్బుతో ఆయనకు చూపు పోయాక బయటికి వెళ్లడం ఆగిపోయింది గానీ, అడిగేవాళ్లు మాత్రం ఆగలేదు. తెల్లారగానే అత్తయ్యగారు పంచాంగం చదివి వినిపిస్తారు. ఏడింటికల్లా ఆయన ఫోను పక్కన కుర్చీలో కూర్చుంటారు. ఏకాదశి ఎప్పుడు, గృహప్రవేశానికి ఏ రోజు బాగుంది, తద్దినం తిథి రెండు రోజుల మీద పడింది ఏం చెయ్యమంటారు... పొద్దెక్కేదాకా ఇదే. ఆ నంబరు ఎంతమంది దగ్గరుందో మాకే తెలీదు. ఒకసారి కొల్లేరు వైపు వెళ్తుంటే, చేపల చెరువు గట్టు మీద మోటారు షెడ్డు గోడకి మసిబొగ్గుతో పెద్ద పెద్ద అంకెల్లో మా ఇంటి నంబరు కనిపించింది.

సెల్‌ఫోను కొనిచ్చాం. తాకితే చాలు ఏదో ఒకటి జరిగిపోయే ఆ అద్దం ఆయనకు సరిపడలేదు. మీటలున్న చిన్న ఫోనూ ఇచ్చాం. మీటలు మరీ ఇరుకు, పైగా దాని నంబరు ఎవరికీ తెలీదు. అందుకని మా వీధిలో పాత లైన్లు ఎత్తేసినప్పుడు అదే నంబరు ఇంటర్నెట్టు మీద నడుస్తుందంటే సంతోషించాం. ఎవరో వచ్చి అరచేతిలో పట్టే డబ్బా ఒకటి పెట్టి వెళ్లారు. అడాప్టరంటారు. దాని ఒక చెవిలో మా పాత ఫోను తీగ, రెండో చెవిలో రూటరు నుంచి వచ్చే తీగ. రూటరు వెళ్లి బయటి లైను వచ్చే ఫైబర్ డబ్బాకి తగులుకుంటుంది. అన్నీ తగిలించాం. అడాప్టరు మీద ఫోను బొమ్మ ఉన్న దీపం మాత్రం వెలగలేదు.

అడాప్టరు ఇచ్చినవాళ్లను అడిగితే రూటరు అమ్మినవాళ్లను అడగమన్నారు. రూటరు అమ్మినవాళ్లు అడాప్టరు వాళ్లనే అడగమన్నారు. మా ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం, స్విచ్చి ఆపి మళ్లీ వెయ్యడం, పొద్దునా సాయంత్రం చేస్తూ వచ్చారు. మావయ్యగారు మాత్రం రోజూ ఏడింటికి కుర్చీలోకి వచ్చి కూర్చునేవారు. మోగదని తెలుసు. అయినా రిసీవరు మీద చెయ్యి వేసి కూర్చునేవారు. ఒకరోజు భోజనాల దగ్గర "ఆ నంబరు పోతే పోనీరా. వయసైపోయింది, ఇంక చాలు" అన్నారు మా ఆయనతో. చూపు పోయినప్పుడు కూడా ఆయన నోట ఆ మాట రాలేదు. మా అందరికీ భయం వేసింది.

నేను వట్లూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. మా స్టాఫ్‌రూములో ఈ గోడు వెళ్లబోసుకుంటే, తాడేపల్లిగూడెం నుంచి వచ్చే ఒక సహోద్యోగిని అంది కదా, "మా వీధిలో ఒకావిడున్నారు. అప్పట్లో ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్స్ కలిపేవారు. ఇప్పుడు ఈ డబ్బాల ఫోన్లు కలవకపోతే అందరూ ఆవిణ్ణే పిలుస్తారు."

అలా వచ్చారు ఆవిడ. పాసింజరు బండిలో, గొడుగూ చేతిసంచీతో. నేత చీర, మెళ్లో తాడుకి వేలాడే కళ్లజోడు. డబ్బాలు కనపడేలా కుర్చీ వేయించుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, సంచీ మీద రెండు చేతులూ పెట్టుకున్నారు. మా ఆయన బల్ల ముందుకు జరిపి "రండి, చూడండి" అన్నారు.

"నేను ముట్టుకోనండి" అన్నారావిడ.

మడి కాబోలనుకుని అత్తయ్యగారు సంతోషించారు. ఆవిడ నవ్వేశారు. "మడేంటండీ, అలాంటిదేం లేదు. నేను ముట్టుకుంటే నాకు తెలుస్తుంది. నేను గూడెం వెళ్లిపోతాను. డబ్బా ఇక్కడే ఉంటుంది గదండీ." మా ఆయన వైపు తిరిగి "ఏం కనపడుతోందో చెప్పండి" అన్నారు.

"ఇంటర్నెట్టు వీక్‌గా ఉన్నట్టుందండి."

"అది మీరనుకుంటున్నదండి. కనపడేది చెప్పండి."

మా ఆయన ఆఫీసులో నలుగురికి అధికారి. వంగి, కళ్లు చిట్లించి, "మొదటి దీపం పచ్చగా ఉందండి. రెండోది ఆగి ఆగి వెలుగుతోంది. మూడోది, ఫోను బొమ్మది, అసలు వెలగడం లేదు" అని ఒకటో తరగతి పిల్లాడిలా ఒప్పజెప్పారు. ఆ దృశ్యం చూసే భాగ్యం నాకు అంతకుముందు కలగలేదు.

"మరేనండి. ఇప్పుడు బాగుంది" అన్నారావిడ.

అడాప్టరు తీగని రూటరు నుంచి ఊడదీసి, తిన్నగా ఫైబర్ డబ్బాకే తగిలించమన్నారు. మూడో దీపం వెలిగింది. మేం పండగ చేసుకోబోయాం. "ఉండండి. మళ్లీ తీసి రూటరుకే పెట్టండి" అన్నారు. దీపం ఆరిపోయింది. "అంటే అడాప్టరుకేం లేదు, బయటి లైనుకీ ఏం లేదు. మధ్యలో ఉన్నాయన దగ్గర ఆగుతోందండి."

మధ్యలో ఉన్నాయన అంటే రూటరు. ఇక మా ఆయన కంప్యూటరు తెరిచి, ముందు అడాప్టరులో రాసి ఉన్న ఖాతా నంబరూ రహస్యపదమూ, ఆపైన రూటరులో ఉన్న ప్రతి ముక్కా పైకి చదవాలి. ఆయన మనసులో చదువుకోవడం మొదలుపెట్టగానే "ఏవండీ, లైన్లో ఉన్నారా?" అని వినిపించేది. ఎదురుగా కూర్చున్న మనిషిని అలా అడగడం నేను ఇంకెక్కడా చూడలేదు. ట్రంకు కాల్స్ రోజుల అలవాటు. ఎవరి మనసు పక్కకు వెళ్లినా ఆవిడ ఆ మాటే అనేవారు. నేను వంటింటి వైపు చూసినా అన్నారు.

చదవగా చదవగా ఒకచోట ఇంటర్నెట్టు ఫోన్లకు సాయం చేసే ఏర్పాటు ఒకటి కనపడింది. దానికి టిక్కు పెట్టి ఉంది.

"ఇది నాకూ తెలీదండి. తీసి చూద్దాం" అన్నారావిడ.

"ఫోన్లకి సాయం చెయ్యడానికే గదండీ అది. తీసేస్తే ఎలా?" అన్నారు మా ఆయన.

"సాయమేనండి. మన మాట బయటికి వెళ్లేలోపు ఈయన మధ్యలో దాని చిరునామా దిద్దుతున్నాడేమో. దిద్దొద్దని చెప్పి చూద్దాం. పాడైతే మళ్లీ పెట్టేద్దాం. అడక్కుండా సాయం చేసేవాళ్లని కాసేపు కూచోమంటే ఒక్కోసారి పని జరుగుతుందండి."

అత్తయ్యగారు నా వైపు చూశారు. నేను అత్తయ్యగారి వైపు చూశాను. మా ఆయన టిక్కు తీసి, రూటరు ఆపి వేశారు. కాసేపటికి మూడో దీపం మెల్లగా వెలిగి, నిలిచింది.

"పంతులుగారూ, ఫోనెత్తండి" అన్నారావిడ.

మావయ్యగారు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఆ కుయ్‌మనే శబ్దం విన్నప్పుడు ఆయన ముఖం ఎలా మారిందో, నేను ఎప్పటికీ మర్చిపోను. ముదినేపల్లిలో ఎవరికో ముహూర్తం చెప్పాల్సి ఉండిపోయింది, ఆ నంబరు తడుముకుంటూ నొక్కారు. అవతల మోగుతోందని ఆయన తలాడించగానే ఆవిడ "మాట్లాడండి" అని లేచి, సంచీ పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు.

నేను వెనకాలే వెళ్లాను. "అదేంటండీ, పనిచేస్తోందో లేదో వినరా?"

"కలిపాక వినకూడదండి" అన్నారు.

అత్తయ్యగారి కనకాంబరం కుండీలు చూస్తూ అక్కడే నిలబడ్డారు. లోపల మాటలు పూర్తయ్యేదాకా గుమ్మం తొక్కలేదు. కాఫీ తాగారు. వెళ్తూ వెళ్తూ ఒకటే అడిగారు. "నేను ఇంటికెళ్లాక ఒక్కసారి ఫోను చెయ్యండి, ఈ ఫోన్లోంచే. పనిచేస్తోందని చెప్పండి. అంతేనండి."

వినకుండా వచ్చేస్తారు కాబట్టి ఆ ఫోను కోసం ఇంట్లో కాచుకుని కూర్చుంటారన్నమాట. మావయ్యగారికి ఆగితేనా. ఆవిడ ఎక్కిన బండి గూడెం చేరకముందే చేసేశారు. ఆవిడ చెల్లెలెత్తింది. అక్కాచెల్లెళ్లిద్దరే ఉండేవారు ఆ ఇంట్లో. "అక్క ఇంకా రాలేదండి. అక్కకి చెబుతానండి" అందిట.

తర్వాత ఏలూరులో ఎవరింటికి ఈ పని మీద వచ్చినా మా ఇంటికి రాకుండా వెళ్లేవారు కాదు. మావయ్యగారికీ ఆవిడకీ భలే కుదిరింది. ఇద్దరి చెవుల్లోనూ ఊళ్లకు ఊళ్ల గుట్లు పడ్డాయి, ఇద్దరూ ఒక్కటీ బయటపెట్టరు. "ఎంతమంది రహస్యాలు తెలుసమ్మా నీకు?" అని ఆయన ఆటపట్టిస్తే, "వింటే గదండీ తెలియడం" అనేవారు. అత్తయ్యగారికి నమ్మకం కుదరలేదు. "ఒక్కసారైనా వినలేదా వదినగారూ?" అని నిలదీశారు. ఆవిడ "ఒక్కసారి విన్నానండి" అన్నారు. మేమంతా ముందుకు వంగాం. "ఏం విన్నారు?" "మీకు చెబితే రెండోసారి విన్నట్టే గదండీ" అని కాఫీ గ్లాసు అందుకున్నారు. అదేమిటో తెలియకుండానే మేమూ పోతామని అత్తయ్యగారి బెంగ.

ఈ డబ్బాల విద్య ఆవిడకెలా అబ్బిందని అడిగితే, వాళ్లింట్లో పెట్టిన అడాప్టరే మొదట కలవలేదని చెప్పారు. "ఉద్యోగమంతా ఊళ్లు కలిపి, చివరికి మా ఇల్లే కలవకపోతే ఊరుకుంటానటండీ?" పోనీ అన్నీ తెలుసా అంటే తెలీదు. కొల్లేరు గట్టున ఒక చేపల రైతు ఇంట్లో పొద్దుటినుంచీ కూర్చుని, చివరికి "నాకు అంతుపట్టలేదండి" అని చెప్పి లేచి వచ్చేశారుట. వారం తిరక్కుండా తనే మళ్లీ వెళ్లారు. ఆ రెండోసారీ కలవలేదు. ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పారు. మూడోసారి వెళ్లబోతున్నానని కూడా చెప్పారు.

ఇక దసరా సంగతి. మా అత్తయ్యగారు ఆయుధపూజ చేశారంటే ఇంట్లో బొట్టు లేని వస్తువు ఉండదు. కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరు, కంప్యూటరు, నా పెన్నులు. ఆ ఏడు రూటరుకీ అడాప్టరుకీ కూడా పసుపు, కుంకుమ, పువ్వు. మర్నాడు పొద్దున్న ఫోనులో కుయ్‌మనే శబ్దం కూడా లేదు. అడాప్టరు మీద మూడో దీపం ఆరిపోయింది. ముందుంది కార్తీకమాసం. మావయ్యగారికి ఏడాది మొత్తంలో ఎక్కువ ఫోన్లు వచ్చేది అప్పుడే. మా ఆయన తనకొచ్చిన వైద్యం చేశారు, ఆ టిక్కు చూశారు, తీగలు మార్చారు. లాభం లేదు. మావయ్యగారు మళ్లీ రిసీవరు మీద చెయ్యి వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

అప్పటికే ఆవిడకు మోకాళ్ల నెప్పులు. రావద్దన్నా వచ్చారు. కూర్చుని, సంచీ మీద చేతులు పెట్టుకుని, "మొన్నటికీ ఇవాళ్టికీ ఇంట్లో ఏం మారిందండి?" అని అడిగారు.

"ఏమీ మారలేదండి" అన్నాం ముక్తకంఠంతో.

ఆవిడ మా ఆయన్ని పక్కకు జరగమన్నారు. "ఇవాళ పంతులుగారు చూస్తారండి."

"నాన్నగారికి కనపడదు కదండీ" అన్నారు మా ఆయన.

"అందుకేనండి. ఫోను ఆయనది గదా. మనం ఊళ్లో లేనప్పుడు ఆగితే ఏం చేస్తారు? పంతులుగారూ, లైన్లో ఉన్నారా?"

"ఉన్నానమ్మా" అన్నారు మావయ్యగారు. అడాప్టరు ఆయన ఒళ్లో పెట్టాం. ఆయన దాన్ని అంతవరకూ ముట్టుకోలేదు. పాడుచేస్తానేమోనని భయం. మెల్లగా తడమడం మొదలుపెట్టారు. మా ఆయన సాయం చెయ్యబోతే ఆవిడ చూపుతోనే ఆపేశారు.

"ఇక్కడొక తీగ... ఇది ఫోనుది, సన్నగా ఉంది. ఇక్కడ ఇంకోటి, లావుది. వెనకాల..." వేలు ఆగింది. "ఇక్కడేదో చిన్న చిల్లుందమ్మా. చుట్టూ ఏదో అంటుకుని ఉంది." గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కుంకుమ. మనింట్లోదే."

అందరం అత్తయ్యగారి వైపు తిరిగాం. "అంత నున్నటి డబ్బాకి అక్కడొక్కచోటే బొట్టంత చోటుంది. వేలు పట్టలేదని కొత్త ఈనెపుల్లతో పెట్టాను. అదేమైనా తప్పా?" అన్నారు అత్తయ్యగారు.

"పెట్టి తీసేశారా వదినగారూ, నొక్కి పట్టుకున్నారా?" అని అడిగారావిడ.

"శ్లోకం అయ్యేదాకా పట్టుకున్నాను. మధ్యలో వదిలేస్తే ఎలాగండీ?"

డబ్బాలో ఉన్నదంతా చెరిపేసి మొదటికి తెచ్చే మీట ఆ చిల్లు లోపల ఉంటుంది. పుల్లతో కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. ఆవిడ అంతసేపు నవ్వడం నేను అప్పుడే చూశాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "శ్లోకం కాస్త పొడుగైందండి" అన్నారు. అత్తయ్యగారు ముందు బిక్కముఖం వేసి, తర్వాత తనూ నవ్వేశారు.

ఇప్పుడు ఖాతా నంబరూ రహస్యపదమూ మళ్లీ రాయాలి. ఆ వివరాలున్న సెల్‌ఫోను మా ఆయన మార్చేశారు. మళ్లీ కంపెనీ చుట్టూ తిరగాలి కాబోలనుకుంటుంటే, మావయ్యగారు ఒక్కో అక్షరం, ఒక్కో అంకె విడదీసి మొత్తం చెప్పేశారు. "ఆ రోజు పైకి చదివావుగా" అన్నారు కొడుకుతో. మంత్రాలు గుర్తున్న తలకాయకి అదెంత. మా ఆయన రాశారు. మూడో దీపం వెలిగింది.

ఆవిడ అంతటితో లేవలేదు. ఫోనెత్తి నక్షత్రం గుర్తున్న మీట నాలుగుసార్లు నొక్కమన్నారు మావయ్యగారిని. తర్వాత ఇంకో మూడంకెలు. ఆయన తుళ్లిపడ్డారు. "ఎవరో ఆడపిల్ల మాట్లాడుతోందమ్మా. ఇంగ్లీషులో అంకెలు చెబుతోంది."

"డబ్బాయేనండి. రూటరు తనకిచ్చిన చిరునామా చెబుతోంది. ఇలా అంకెలు చెబితే రూటరు దాకా బాగున్నట్టు. అన్నీ సున్నాలే చెప్పిందనుకోండి, రూటరుకీ దీనికీ మధ్య తీగ వదులైనట్టు. తడిమి, టక్కుమనేదాకా నొక్కండి. ఇంతేనండి. ఇంక నేను రానక్కర్లేదు."

ఆ చివరి మాట అప్పుడు మాకు మామూలుగానే వినిపించింది. "మాట్లాడండి" అని, మోకాలు పట్టుకుని లేచి, వరండాలోకి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి మావయ్యగారు ఏడింటికి కుర్చీలో కూర్చోగానే ముందు ఆ అమ్మాయిని పలకరించేవారు. "లేచిందా?" అని అత్తయ్యగారు వంటింట్లోంచి అడిగితే "లేచింది, చిరునామా చెప్పింది" అనేవారు. చూపు పోయాక తొలిసారి ఆయన చేతికి ఒక వస్తువు పూర్తిగా లొంగింది. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఆయన ఫోను ఆయనదే. మేమందరం కలిసి కూడా ఆయనకు ఇవ్వలేనిది ఆవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని ఇచ్చారు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు.

పోయిన నెల ఆ ఫోను చేసింది ఆవిడ చెల్లెలు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారుట. మావయ్యగారు తిథి చెప్పారు. పదోరోజు ఎప్పుడవుతుందో, పదకొండో రోజు ఏం చెయ్యాలో, చెల్లెలి చేత రాయిస్తూ నెమ్మదిగా అన్నీ చెప్పారు. మధ్యమధ్య "రాసుకున్నావా తల్లీ, లైన్లో ఉన్నావా?" అన్నారు. ఫోను పెట్టేశాక కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను.

మొన్న ఆదివారం పొద్దున్న ఫోను మళ్లీ మూగబోయింది. నేను కూర తరుగుతూ అక్కడే ఉన్నాను. లేవబోయి, ఆగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. మావయ్యగారు మీటలు నొక్కి విన్నారు. "సున్నాలు చెబుతోంది" అన్నారు. కుర్చీలోంచి లేచి, తీగ పట్టుకుని తడుముకుంటూ రూటరు దాకా వెళ్లి, దాని చివర దొరకబుచ్చుకుని టక్కుమనేదాకా నొక్కారు. ముందురోజు నేను దులిపినప్పుడు వదులైనట్టుంది. తిరిగి వచ్చి ఫోనెత్తి విని, తలాడించారు. ఆ వెంటనే ఆయన వేళ్లు ఒక నంబరు నొక్కాయి. మొదటి అంకెలు చూడగానే అది తాడేపల్లిగూడెమని నాకు తెలిసింది.

నేను లేచి వరండాలోకి వెళ్లి కనకాంబరాల దగ్గర నిలబడ్డాను. మాటలు ఆగాక లోపలికి వచ్చాను. విననందువల్ల అడగాల్సి వచ్చింది.

"ఏం చెప్పారు మావయ్యగారూ?"

"ఫోను పనిచేస్తోందని చెప్పానమ్మాయ్."

"ఆవిడ చెల్లెలేమంది?"

మావయ్యగారు రిసీవరు మీద చెయ్యి అలాగే ఉంచారు. "అక్కకి చెబుతానండి అంది."

ఆయన చేతి కిందే ఫోను మోగింది. ముదినేపల్లి నుంచి ఎవరో, తద్దినం ఏ రోజు పెట్టుకోవాలని.